హెడ్‌ఫోనుల వంశచరిత్ర

పెండ్లి సంబంధము చూచునపుడు మన పెద్దలు మొదట విచారించునది వంశము. రూపము, చదువు, సంపద యను మాటలు తరువాత వచ్చును. నేడు నేను చెప్పదలచిన విషయమునకును ఈ యాచారమే దారి చూపుచున్నది. దూరదేశములందున్న కుమారులును మనుమలును సెలవులకు వచ్చునపుడు ఇంటి పెద్దలకు మేలైన హెడ్‌ఫోనులు తెచ్చి యిచ్చుట ఇప్పుడు గ్రామములందు సైతము చూచుచున్నాము. వెల హెచ్చు, పనితనము గొప్పది. కాని వానిని సెల్‌ఫోనునకు తగిలించి చూచినచో కొన్ని గొంతెత్తి పాడును. కొన్ని నూతిలోనుండి పలికినట్లు పలుకును. దీనికి ఆంప్లిఫయరు, అనగా నాదమును పెంచు పెట్టె, కావలెనని యొకరందురు. అక్కరలేదు, అది వృథావ్యయమని మరియొకరందురు. ఇద్దరును తమ తమ చేతిలోని వస్తువును బట్టి మాటాడుచున్నారు. హెడ్‌ఫోను ఏ యింట పుట్టినదో, ఏ బలమును నమ్ముకొని పెరిగినదో తెలిసినగాని ఈ వివాదము తీరదు. కనుక దాని చరిత్రను మీకు విన్నవించెదను.

శబ్దము దూరమునకు ఎట్లు చేరుచున్నదను ప్రశ్న మనవారికి క్రొత్తది కాదు. నీటిలో అల యొకటి మరియొక అలను పుట్టించినట్లు శబ్దము సాగునని వీచీతరంగన్యాయము చెప్పును. కదంబపు మొగ్గ అన్ని వైపులకు నొక్కసారి విచ్చుకొన్నట్లు వ్యాపించునని కదంబముకుళన్యాయము చెప్పును. మన తార్కికులు ఈ రెంటిని గూర్చి చాల వాదించిరి. ఆ శబ్దమును విద్యుత్తుగ మార్చి, తీగపై నడిపించి, మరల శబ్దముగ మార్చు విద్య 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుతో లోకమునకు తెలిసెను. అయస్కాంతము, దానిపై చుట్టిన సన్నని తీగ, దాని యెదుట పలుచని ఇనుప రేకు: చెవికి ఆనించుకొను యంత్రమునకు ఇవియే ప్రాణములు.

టెలిఫోను పుట్టిన అయిదేండ్లకే దానితో సంగీతము వినవలెనన్న కోరిక పుట్టెను. 1881లో పారిస్ నగరమున విద్యుత్ప్రదర్శన మొకటి జరిగెను. క్లెమాఁ ఆదేర్ అను శిల్పి అచ్చటి ఒపేరా రంగస్థలముమీద కుడివైపునను ఎడమవైపునను టెలిఫోను గ్రాహకములను అమర్చి, తీగలను ప్రదర్శనశాలకు నడిపించెను. శ్రోత రెండు చెవులకు రెండు యంత్రముల నానించుకొనగా, పాత్రధారి యెటు నడచుచున్నాడో కనులు మూసికొనియు తెలియుచుండెనట. నేడు స్టీరియో యనబడు విద్యకు ఇదియే మొలక. 1890లో ఈ వినోదము పారిస్‌లో వర్తకమయ్యెను. 1895లో లండనులో నట్టిదే మరియొకటి వెలసెను. అయినను ఆ దినములలో నాదమును పెంచు సాధన మేదియు లేదు. గాయకుని కంఠబలము తీగమీద ఎంత మిగిలెనో అంతయే శ్రోత చెవికి చేరెడిది.

ఈ లేమియే మన కథకు కీలకము. తరువాత తీగలేని వార్త, అనగా రేడియో, వచ్చినపుడు లేమి మరింత తీవ్రమయ్యెను. గెలీనా యను సీసపు ఖనిజముతో విద్యుత్తరంగములను పసిగట్టు పరికరమునకు మన జగదీశచంద్ర బోసుగారు 1901లో అర్జీ పెట్టి, 1904లో అమెరికా పేటెంటు పొందిరి. ఆ జాతి స్ఫటికముతో చేసిన రేడియో పెట్టెకు బ్యాటరీ లేదు, ఇంటి విద్యుత్తుతో పని లేదు. ఆకాశమునుండి ఏరియలు తీగమీద పడిన బలము తప్ప దానికి వేరు ఆధారము లేదు. అంత స్వల్పబలముతో రేకును కదలించుటకు జుట్టువంటి సన్నని తీగను వేలకొలది చుట్లు చుట్టవలసివచ్చెను. తీగ సన్ననై, పొడవైనకొలది విద్యుత్తునకు అడ్డు పెరుగును. ఆ అడ్డును కొలుచు మానమే ఓము. ఈ విధముగ ఆనాటి హెడ్‌ఫోనులు 2000 ఓములు, 4000 ఓములు గలవి యయ్యెను. అవి సంపన్నుల వస్తువులు కావు. లేమి నెరిగి గింజ గింజ ఏరుకొను గృహిణివంటివి.

అమెరికాలోని యూటా ప్రాంతమున నథానియల్ బాల్డ్విన్ అను నాతడు తన వంటయింటిలో కూర్చుండి మిక్కిలి సూక్ష్మగ్రాహియగు హెడ్‌ఫోనును నిర్మించి, 1910లో ఆ దేశపు నౌకాదళమునకు పరీక్షార్థము పంపెను. పరీక్షించినవారు దాని శక్తికి ఆశ్చర్యపడి మరికొన్నిటిని కోరిరి. వంటయింటిలో ఒక్కసారిగ పదికంటె హెచ్చు చేయుట తనకు సాధ్యము కాదని అతడు తెలిపెనట. మన దేశమున 1924లో చెన్నపట్టణపు రేడియో సంఘమువారు ప్రసారములు మొదలిడిరి. అప్పటి స్ఫటికపు పెట్టెతో వినగోరువానికి హెడ్‌ఫోనే గతి. లౌడ్‌స్పీకరు పెట్టి ఊరందరకు వినిపించుట దానివలన కాని పని.

ఇంతలో నాదవర్ధకము పుట్టెను. 1906లో లీ డి ఫారెస్ట్ అను అమెరికావాసి మూడు అంగములుగల గాజుబుడ్డిని నిర్మించి దానికి ఆడియన్ అని పేరిడెను. క్రమముగ దానిని సంస్కరించినపిమ్మట, చిన్న విద్యుత్తుచే పెద్ద విద్యుత్తును నడిపించుట సాధ్యమయ్యెను. మావటివాని అంకుశము చిన్నదైనను ఏనుగు దానికి లోబడి నడచునట్లు. 1915లో న్యూయార్కు నుండి సాన్‌ఫ్రాన్సిస్కో వరకు తీగమీద మాట చేరినదన్నచో దారిలో ఈ బుడ్లు దానికి బలము పోయుచుండుటవలననే. కాని బలముతోపాటు దోషమును వచ్చెను. పెరిగిన నాదము వంకరపోవుచుండెను. దానికి విరుగుడు హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరునకు 1927 ఆగస్టు 2వ తేదీన హడ్సన్ నదిపై పడవలో ప్రయాణము చేయుచుండగా స్ఫురించెను. చేతిలోని వార్తాపత్రికపుటమీదనే అతడు దానిని వ్రాసికొనెను. వెలువడు నాదములో కొంతభాగమును వెనుకకు త్రిప్పి, లోనికి వచ్చు నాదముతో విరుద్ధముగ కలిపి, తేడాను తానే సరిదిద్దుకొనునట్లు చేయుటయే ఆ యుపాయము. శిష్యుడు వల్లించిన పాఠమును గురువు మూలముతో పోల్చి దిద్దుట వంటిది ఇది. నేటి స్వల్పవెల ఆంప్లిఫయరు సైతము శుద్ధముగ పలుకుటకు ఈ యుపాయము ముఖ్యకారణము.

నాదవర్ధకము రాగానే గృహములలో లౌడ్‌స్పీకరు రాజ్యమేలెను. 1938 జూన్ 16వ తేదీన చెన్నపట్టణమున ఆలిండియా రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును నెలకొనెను. ఊరి రచ్చబండకడ పదిమంది కూడి వినుట అలవాటయ్యెను. హెడ్‌ఫోను టెలిఫోను కచేరీలకు, ఓడలకు, ప్రసారశాలలకు పోయి ఉద్యోగిగ మారెను. అచ్చటి తీగలకు 600 ఓముల లెక్క వాడుకలో నుండుటచేత కొన్ని హెడ్‌ఫోనులును ఆ లెక్కకు తగినట్లు తయారయ్యెను. 1937లో బెర్లిన్‌లో ఓయ్‌గెన్ బేయర్ సంస్థ డి.టి. 48 అను హెడ్‌ఫోనును చేసెను. ఇనుప రేకునకు బదులు తీగచుట్టయే పొరతో కూడి కదలునట్టి డైనమిక్ జాతికి అది యాద్యము.

మరల గృహప్రవేశము 1958లో జరిగెను. అమెరికాలో మిల్వాకీ నగరమున జాన్ కాస్ అను జాజ్ సంగీతవేత్త స్టీరియో హెడ్‌ఫోనును ప్రదర్శించెను. ఒక్కడే కూర్చుండి సంగీతమును ఆస్వాదించు వేడుక నాటినుండి వ్యాపించెను. 1968లో జర్మనీవారి సెన్‌హైజర్ సంస్థ చెవిని మూయక గాలి ఆడనిచ్చు హెచ్.డి. 414ను తెచ్చెను. అదియు 2000 ఓములదే. ఇంటి రేడియోకును రికార్డు యంత్రమునకును గోడనుండి విద్యుత్తు పుష్కలముగ లభించును గనుక ఆ యడ్డు వానికి లెక్క కాలేదు.

1979 జూలై 1వ తేదీన జపానులో సోనీ సంస్థవారి వాక్‌మన్ వెలువడుటతో కథ మలుపు తిరిగెను. జేబులో పట్టు ఆ యంత్రమునకు రెండు చిన్న బ్యాటరీలే ఆధారము. రెండింటి యొత్తిడి కలిపి 3 వోల్టులు. ఇట్టి బీదయింటికి 2000 ఓముల వధువు తగదు. కావున కొద్ది యొత్తిడికే విద్యుత్తు ధారాళముగ పారునట్లు, కొలది ఓములు గల తేలిక హెడ్‌ఫోనులు వ్యాపించెను. 32 ఓముల సంఖ్య వానిలో ప్రసిద్ధమయ్యెను. సెల్‌ఫోనునకు తగిలించు చిన్న చెవియంత్రములు ఈ వంశమునవే.

ఇప్పుడు డబ్బాపై వ్రాసిన ఓముల సంఖ్యకు అర్థము తెలియుచున్నది. అది గొప్పతనమునకు గురుతు కాదు, కొరతకును గురుతు కాదు. ఏ ఇంటికి కోడలిగ పోవుటకు పెంచబడినదో తెలుపు వంశచిహ్నము. చెరువుకట్ట క్రింది తూమును తలచుకొనుడు. చెరువులోని నీటి యెత్తు వోల్టు. తూము ఇరుకు ఓము. పారు నీరు విద్యుత్తు. తూము వెడల్పైనచో కొలది నీటిమట్టమునకే కాలువ నిండును. తూము ఇరుకైనచో చెరువు నిండుగ నుండవలెను.

లెక్కతో చూపెదను. ఒక్క మిల్లీవాటు బలమునకు 100 డెసిబెల్లుల ధ్వని నిచ్చు హెడ్‌ఫోనులు రెండున్నవనుకొందము. ఒకటి 32 ఓములది, రెండవది 300 ఓములది. ఆ మిల్లీవాటు పుట్టుటకు మొదటిదానికి 0.18 వోల్టు చాలును, రెండవదానికి 0.55 వోల్టు కావలెను. మృదంగముపై గట్టి దెబ్బ పడిన క్షణమున 110 డెసిబెల్లులు అందవలెనన్నచో బలము పదింతలు కావలెను. అప్పుడు మొదటిదానికి 0.57 వోల్టు, రెండవదానికి 1.73 వోల్టులు. మన సెల్‌ఫోను ఇచ్చునది ఒక్క వోల్టే యైనచో మొదటిదానికి మిగులు, రెండవదానికి తగులు. 600 ఓములదానికి 2.45 వోల్టులు కావలెను. ఆంప్లిఫయరు కావలెనన్నవాడును అక్కరలేదన్నవాడును ఇద్దరును సత్యవాదులే యని ఇందువలన తేలుచున్నది.

అయితే ఓములు తక్కువయైనంతమాత్రమున సులభమని తలపరాదు. పలుచని పొరమీద తీగను పరచి, ప్రక్కల అయస్కాంతములను నిలిపిన జాతి యొకటి గలదు. 1976లో జపానులోని యమహా సంస్థవారు ఆ జాతిని ఆర్థోడైనమిక్ అను పేర అమ్మిరి. నేడు దానిని ప్లానార్ అందురు. వీనిలో కొన్నిటికి ఓములు తక్కువే కాని ఆకలి యెక్కువ. ఒక మిల్లీవాటుకు 90 డెసిబెల్లులు మాత్రమే పలుకు 50 ఓములదానిని 110కి తేవలెనన్న 100 మిల్లీవాటులు, అనగా 2.24 వోల్టులు, కావలెను. కనుక ఓములతోపాటు, మిల్లీవాటుకు ఎన్ని డెసిబెల్లులని చెప్పు సూక్ష్మతా సంఖ్యను గూడ అడుగవలెను. కొన్ని సంస్థలు మిల్లీవాటుకు బదులు వోల్టుకు లెక్క చెప్పును. రెండును ఒకటి కావు. ఇక స్థిరవిద్యుత్తుతో నడచు ఎలక్ట్రోస్టాటిక్ జాతికి వందల వోల్టుల నిచ్చు ప్రత్యేకమైన పెట్టెయే కావలెను. సామాన్యమైన ఆంప్లిఫయరు దానికి పనికిరాదు. బ్లూటూత్ హెడ్‌ఫోనులందు ఆంప్లిఫయరు లోపలనే యిమిడియుండును. తీగ లేకుండ వినునపుడు వానికి వేరొకటి కొనుట దండుగ.

ఈ తెలివి లేకపోవుటచే జరుగు నష్టము ధనమునకు సంబంధించినది మాత్రమే కాదు. నేనెరిగిన వృద్ధమిత్రు డొకడు, సేద్యగాడు, సంగీతమన్న ప్రాణము. కుమారుడు విదేశమునుండి 300 ఓముల హెడ్‌ఫోను తెచ్చి యిచ్చి మరలిపోయెను. సెల్‌ఫోనునకు తగిలించి కీర్తన వినబోగా, గాయకుని గొంతు పొరుగూరి గుడిలోనుండి వచ్చినట్లుండెను. ఇంత వెలగల వస్తువునకు దోషముండునా, దోషము నా చెవిదే యని ఆయన నిశ్చయించుకొనెను. ఎవరికిని చెప్పలేదు. హెడ్‌ఫోనును పెట్టెలో దాచెను. నలుగురిలో కూర్చుండుట మానుకొనెను. సంగతి తెలిసి నేను, అరచేతిలో పట్టునంత ఆంప్లిఫయరు నొకదానిని మా మనుమనియొద్ద ఎరువు తీసికొనిపోయి నడుమ తగిలించితిని. ఆయన పాట ముగియువరకు మాటాడలేదు. పిమ్మట, “మాస్టరుగారూ, తంబుర శ్రుతిగూడ వినబడుచున్నదండీ” యనెను. నా మాటపై వైద్యునికిని చూపించుకొనెను. వయసువలన పైస్థాయి స్వరములు కొంత తగ్గినమాట నిజమేనని తేలెను. లోపము చెవిది కొంత, యంత్రపుది చాల. ఏది యెంతయో తెలియక మనుష్యుడు సభకు దూరమగుట ఎంత దుఃఖము!

ఇక ఆంప్లిఫయరు నెన్నుకొనుటలో చూడవలసినవి మూడు. మొదటిది, మన హెడ్‌ఫోనునకు కావలసిన వోల్టులను, విద్యుత్తును ఇవ్వగలుగుట. పైలెక్క చేసి చూచికొని, దానికి రెండింత లున్నచో చాలును. పదింతలు కొనుట ఎడ్లబండికి ఏనుగును పూన్చుట. రెండవది, దాని స్వకీయమైన అడ్డు. ఆంప్లిఫయరునకు సైతము లోపల కొన్ని ఓములుండును. హెడ్‌ఫోను ఓములు అన్ని స్వరములయందు నొక్కతీరున నుండవు. మంద్రమున నొకటి, తారమున నొకటిగ మారును. లోపలి యడ్డు హెచ్చైనచో ఆ మార్పులు నాదమునకు అంటి, మంద్రము ఉబ్బుటో తారము క్రుంగుటో జరుగును. హెడ్‌ఫోను ఓములలో ఎనిమిదవ వంతుకు మించరాదని వాడుకలోనున్న సూత్రము. 32 ఓములదానికి 4 ఓములు. 1996నాటి అంతర్జాతీయ ప్రమాణ మొకటి 120 ఓములు చెప్పియుండుటచే, ఆ కాలపు పెట్టెలలో కొన్ని అధిక ఓముల హెడ్‌ఫోనులకే యొప్పును. మూడవది, నిశ్శబ్దము. పాట లేనపుడు చెవిలో బుసబుస వినబడరాదు. చిన్న చెవియంత్రములు మిక్కిలి సూక్ష్మగ్రాహులు గనుక వానికి బలముకంటె నిశ్శబ్దమే ముఖ్యము.

అన్నిటికంటె ముందు విచారింపవలసినది మూలము, అనగా పాట యెచ్చటనుండి వచ్చుచున్నదో అది. 1902లో కలకత్తాలో మన దేశపు తొలి గ్రామఫోను రికార్డులు పట్టునపుడు గాయకులు కొమ్ముబూరలో పాడిరి; మైకుతో విద్యుత్తుచే రికార్డు పట్టుట 1925లో ఆరంభమయ్యెను. ఆనాటి రికార్డులందు లేని తారస్వరములను ఏ ఆంప్లిఫయరును పుట్టింపలేదు. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కు నాదమును సెకనునకు 44,100 పర్యాయములు కొలిచి, ఒక్కొక కొలతను 16 బిట్లతో వ్రాయును. మనుష్యుని చెవికి అది మిక్కిలి చాలును. ఆ యంకెలను మరల విద్యుత్తుగ మార్చు పరికరమును డాక్ అందురు. అది సెల్‌ఫోనులోను గలదు; వేరుగను దొరకును. 2016లో ఆపిల్ సంస్థ తన ఐఫోనునుండి హెడ్‌ఫోను రంధ్రమును తొలగించినపుడు, వ్రేలెడు తీగలో డాక్‌ను ఆంప్లిఫయరును ఇమిడ్చి వేరుగ నిచ్చెను. 32 ఓముల సూక్ష్మగ్రాహులకు అట్టి చిన్న తీగ చాలును. కాని పాటయే బాగుగ కుదించి, నలిపి దాచినదైనచో ఎంత గొప్ప పెట్టెయైన నేమి చేయును? బురదనీటిని వెడల్పైన కాలువలో పారించినను బురదయే పారును. కావున ధనమును మొదట మంచి రికార్డునకు, పిదప హెడ్‌ఫోనునకు, మిగిలినది ఆంప్లిఫయరునకు వెచ్చించుట వివేకము.

తుదిగా హెచ్చరిక యొకటి. నాదవర్ధకము చేతికి వచ్చినది గదా యని మీట త్రిప్పుచు పోరాదు. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ప్రకటించిన ప్రమాణము ననుసరించి, పెద్దవారు 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదు. 90 డెసిబెల్లులైనచో వారమునకు 4 గంటలే. చెవిలోని సూక్ష్మరోమకణములు ఒకసారి నశించినచో మరల మొలవవు. పంట పోయిన చేనైన మరుసటి యేడు పండును గాని ఇవి పండవు. మాట సరిగ వినబడనివారు వైద్యుని చూడవలెను. హెడ్‌ఫోను వినికిడియంత్రము కాదు. ఆంప్లిఫయరు గొప్పతనము పెద్దగ అరచుటలో లేదు. మెల్లగ పలికించినను తంబుర శ్రుతి తెలియునట్లు పలికించుటలో నున్నది.

కావున మహాశయులారా, హెడ్‌ఫోను మీ చేతికి వచ్చినపుడు మూడు మాటలు అడుగుడు: నీ ఓము లెన్ని? మిల్లీవాటుకు నీ పలుకెంత? నిన్ను పోషించు ఇల్లు ఎంత వోల్టు గలది? ఈ మూడింటికి జవాబు దొరకినచో అంగడివాని మాటకు లోబడనక్కరలేదు. మనుమని యెదుట మౌనము వహింపను అక్కరలేదు. వంటయింటిలో కూర్చుండి పని చేసిన బాల్డ్విన్ మొదలు పడవపై పత్రికమీద వ్రాసికొన్న బ్లాక్ వరకు ఎందరో శ్రమించినది, దూరపు నాదము మన చెవికి చెడక చేరవలెననియే. ఆ శ్రమకు తగినట్లు వినుట మన వంతు.